యూనిట్ 9: ఆరోగ్య బీమా లెక్కలతో క్యాన్సర్ స్క్రీనింగ్ విలువ కట్టగలమా? – ఒక విమర్శనాత్మక పరిశీలన

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
– బీమా క్లెయిమ్ రికార్డులో ఏముంటుందో, ఏముండదో చెప్పగలుగుతారు;
– పరీక్ష కచ్చితత్వానికీ, పరీక్ష వల్ల కలిగే ప్రయోజనానికీ తేడా వివరించగలుగుతారు;
– "స్క్రీనింగ్‌లో బయటపడినవారు ఎక్కువకాలం బతికారు" అనే వాదనను పరీక్షించగలుగుతారు;
– బీమా లెక్కలు ఏ ప్రశ్నకు నమ్మదగిన సాక్ష్యమో, ఏ ప్రశ్నకు కాదో నిర్ణయించగలుగుతారు.

9.1 పరిచయం

సూర్యాపేట జిల్లాలో కోదాడకు సమీపంలో ఉన్న మండల కేంద్రం చిలుకూరు. హైదరాబాద్ పక్కన బాలాజీ గుడి ఉన్న చిలుకూరు వేరు. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా ఏర్పడేవరకు ఈ మండలం నల్లగొండ జిల్లాలో భాగం. సాగర్ ఎడమ కాలువ కింద వరి పండే ప్రాంతం ఇది.

ఈ మండలంలో ఒక మహిళను ఊహించుకోండి. వయసు నలభై ఎనిమిది. నాట్లకు, కలుపుకు కూలికి వెళ్తుంది. ఊళ్లో వైద్య శిబిరం పెట్టినప్పుడు ఆశా కార్యకర్త పిలిస్తే వెళ్లి, గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకుంది. అనుమానం ఉందని పెద్దాసుపత్రికి పంపారు. బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. ఆరోగ్యశ్రీ కింద చికిత్స జరిగింది. ఐదేళ్లు గడిచాయి, ఆమె మళ్లీ పొలానికి వెళ్తోంది. "శిబిరం పెట్టబట్టే బతికింది" అని ఊరంతా అంటారు.

ఆ మాట నిజం కావచ్చు. కానీ ఒక్కరి అనుభవం మీద ప్రభుత్వ కార్యక్రమం విలువ తేల్చలేం. కాబట్టి వేలమంది వివరాలు కావాలి. అవి ఎక్కడున్నాయి? ఆరోగ్యశ్రీ కంప్యూటర్లలో ఉన్నాయి కదా, వాటిని తీసి లెక్క కడితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. ఈ యూనిట్‌లో మనం విమర్శకు పెడుతున్నది సరిగ్గా ఈ ఆలోచననే.

మన వాదన ఇది: బీమా లెక్కలు కీడునూ లోటునూ బాగా పట్టిస్తాయి. మేలును మాత్రం అవి ఒంటరిగా రుజువు చేయలేవు. ఈ తేడా తెలియకపోతే రెండు విధాలా నష్టం జరుగుతుంది. పనిచేయని పరీక్ష మీద ప్రజాధనం ఖర్చు కావచ్చు, లేదా పనిచేసే పరీక్షను "ఫలితం కనబడలేదు" అని ఆపేయవచ్చు. రెండింటి భారమూ చివరకు మోసేది ఆ కూలి మహిళే.

9.2 బీమా లెక్క పుట్టుక

రాజీవ్ ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై, తరువాత రాష్ట్రమంతటికీ విస్తరించింది. కేంద్ర ప్రభుత్వం 2018 సెప్టెంబరు 23న ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజనను ప్రారంభించింది. తెలంగాణ 2021లో ఆ పథకంలో చేరింది. 2023 డిసెంబరులో తెలంగాణలో ఒక్కో కుటుంబానికి చికిత్స పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు.

ఇటువంటి పథకంలో ఆసుపత్రి ముందుగా అనుమతి కోరుతుంది, చికిత్స చేస్తుంది, ఆపై క్లెయిమ్ పంపుతుంది. క్లెయిమ్‌లో రోగి కార్డు సంఖ్య, వయసు, స్త్రీనా పురుషుడా అన్నది, చిరునామా, ఆసుపత్రి పేరు, జరిగిన చికిత్స కోడు, తేదీలు, సొమ్ము ఉంటాయి. వీటిలో ప్రతి అంశమూ ఒకే అవసరం కోసం నమోదైంది: ఎవరికి, దేనికి, ఎంత చెల్లించాలి? ఇది డబ్బు లెక్క కోసం పుట్టిన పుస్తకం. దాన్ని ఆరోగ్య చరిత్రగా చదవబోయే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక స్క్రీనింగ్ ఎక్కడ జరుగుతుంది? 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 30 ఏళ్లు దాటినవారికి నోటి క్యాన్సర్‌కు, మహిళలకు అదనంగా రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు పరీక్షలు చేయాలి. నోటిని కంటితో చూస్తారు. రొమ్మును శిక్షణ పొందిన ఆరోగ్య సిబ్బంది చేత్తో పరీక్షిస్తారు. గర్భాశయ ముఖద్వారానికి పలుచని ఆసిటిక్ ఆమ్లం పూసి, తెల్లని మచ్చ ఏర్పడుతుందేమో చూస్తారు. ఈ చివరిదాన్ని 'వయా' పరీక్ష అంటారు. తెలంగాణ ప్రభుత్వం 2023 మార్చి 8న కరీంనగర్‌లో ప్రారంభించిన 'ఆరోగ్య మహిళ' కార్యక్రమంలో ప్రతి మంగళవారం మహిళలకు చేసే పరీక్షల్లో క్యాన్సర్ స్క్రీనింగ్ కూడా ఉంది.

గమనించండి. ఈ పరీక్షలన్నీ ఊరి స్థాయిలో, ఆసుపత్రిలో చేరకుండా, బిల్లు లేకుండా జరుగుతాయి. బీమా పథకం చెల్లించేది ప్రధానంగా ఆసుపత్రి చికిత్సకు. అంటే పరీక్ష ఒక పుస్తకంలోనూ, చికిత్స మరో పుస్తకంలోనూ నమోదవుతున్నాయి. మన సమస్యకు మూలం ఇదే.

9.3 విమర్శకు ఒక నమూనా వాదన

కింది సంఖ్యలు కేవలం ఊహించినవి. ఒక ప్రాంతంలో ఆరోగ్యశ్రీ కింద గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు చికిత్స పొందిన 100 మందిని తీసుకున్నారనుకుందాం. వారిలో 40 మందికి జబ్బు శిబిరంలో బయటపడింది. మిగిలిన 60 మంది రక్తస్రావం, నొప్పి వంటి లక్షణాలతో తామే ఆసుపత్రికి వెళ్లారు. ఐదేళ్ల తరువాత చూస్తే మొదటి గుంపులో 32 మంది (80 శాతం), రెండో గుంపులో 27 మంది (45 శాతం) జీవించి ఉన్నారు. "చూశారా, స్క్రీనింగ్ ప్రాణాలు కాపాడుతోంది. శిబిరాలు రెట్టింపు చేయాలి" అని ఒక నివేదిక తేల్చింది.

80కి, 45కి మధ్య తేడా పెద్దది. వినగానే నమ్మాలనిపిస్తుంది. కానీ ఈ ముగింపు ఈ సంఖ్యల నుంచి రాదు. ఎందుకు రాదో వరుసగా చూద్దాం.

9.4 రెండు వేర్వేరు ప్రశ్నలు

"పరీక్ష బాగా పనిచేస్తుందా?" అన్న ఒక్క మాటలో రెండు ప్రశ్నలున్నాయి. మొదటిది, జబ్బు ఉన్నవారిని, లేనివారిని పరీక్ష సరిగ్గా వేరుచేస్తుందా? ఇది కచ్చితత్వం. రెండోది, ఆ పరీక్ష చేయడం వల్ల ఊళ్లో క్యాన్సర్ మరణాలు తగ్గుతాయా? ఇది ప్రయోజనం.

ముందు కచ్చితత్వం సంగతి చూద్దాం. మళ్లీ ఊహా సంఖ్యలే. 1,000 మంది మహిళల్లో 10 మందికి క్యాన్సర్‌కు ముందు దశ మార్పులు ఉన్నాయనుకుందాం. పరీక్ష సున్నితత్వం 80 శాతం, అంటే మార్పులు ఉన్న ప్రతి 10 మందిలో 8 మందిని పట్టుకుంటుంది. నిర్దిష్టత 90 శాతం, అంటే మార్పులు లేని ప్రతి 100 మందిలో 90 మందికి 'లేదు' అని సరిగ్గా చెబుతుంది. అప్పుడు:

– మార్పులు ఉండి, 'ఉంది' అని తేలినవారు: 8
– మార్పులు ఉన్నా 'లేదు' అని తేలినవారు: 2
– మార్పులు లేకున్నా 'ఉంది' అని తేలినవారు: 99
– మార్పులు లేక, 'లేదు' అని తేలినవారు: 891

'ఉంది' అని తేలినవారు మొత్తం 107 మంది. వారిలో నిజంగా మార్పులు ఉన్నవారు 8 మందే, అంటే సుమారు 7.5 శాతం. మంచి పరీక్ష అయినా, జబ్బు అరుదుగా ఉన్న జనంలో ఎక్కువమందిని అనవసరంగా భయపెడుతుందని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇప్పుడు ఈ నాలుగు గుంపుల్లో ఆరోగ్యశ్రీ రికార్డుకు ఎక్కేవారెవరో ఆలోచించండి. 891 మందికి అక్కడ ఏ వరుసా ఉండదు. 99 మంది బయాప్సీతో ఆగిపోతే వారూ కనబడకపోవచ్చు. తప్పిపోయిన ఇద్దరు కొన్నేళ్ల తరువాత జబ్బు ముదిరి వస్తే కనబడతారు. కానీ వారు ఒకప్పుడు పరీక్ష చేయించుకున్నారన్న సంగతి క్లెయిమ్‌లో ఉండదు. సున్నితత్వం కట్టాలంటే తప్పిపోయినవారి సంఖ్య కావాలి, నిర్దిష్టత కట్టాలంటే జబ్బు లేనివారి సంఖ్య కావాలి. రెండూ ఈ పుస్తకంలో లేవు. కాబట్టి క్లెయిములు మాత్రమే చూసి పరీక్ష కచ్చితత్వాన్ని లెక్కించడం సాధ్యం కాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
పై ఉదాహరణలో నిర్దిష్టత 90 నుంచి 95 శాతానికి పెరిగితే, 'ఉంది' అని తేలినవారిలో నిజంగా మార్పులు ఉన్నవారు ఎంత శాతం? (సూచన: ముందుగా 990లో 5 శాతం కట్టండి.)

9.5 ప్రయోజనం లెక్కలో దాగిన దోషాలు

ఇక 80 శాతం, 45 శాతం సంగతికి వద్దాం. ఈ పోలికలో కనీసం ఐదు దోషాలున్నాయి.

(అ) ముందస్తు కాల దోషం. ఒకే వయసు, ఒకే రకం జబ్బు ఉన్న ఇద్దరు మహిళలను ఊహించుకోండి. ఒకామెకు 45వ ఏట శిబిరంలో జబ్బు తెలిసింది. మరొకామెకు 49వ ఏట రక్తస్రావం మొదలయ్యాక తెలిసింది. ఇద్దరూ 53వ ఏటనే చనిపోయారు. లెక్కలో మొదటామె 'ఎనిమిదేళ్లు బతికింది', రెండో ఆమె 'నాలుగేళ్లు బతికింది'. ఐదేళ్ల గీత పెడితే మొదటామె బతికినవారిలో చేరుతుంది, రెండో ఆమె చేరదు. నిజానికి మొదటామె ఆయుష్షు ఒక్క రోజు కూడా పెరగలేదు. జబ్బు ఉందని తెలిసి బతికిన కాలమే పెరిగింది.

(ఆ) నిడివి దోషం. నెమ్మదిగా పెరిగే క్యాన్సర్ శరీరంలో ఏళ్ల తరబడి మౌనంగా ఉంటుంది. వేగంగా పెరిగేది నెలల్లో బయటపడుతుంది. ఏ శిబిరానికైనా దొరికే అవకాశం నెమ్మదిగా పెరిగేదానికే ఎక్కువ. శిబిరం గుంపులో మెల్లని జబ్బులు, ఆసుపత్రి గుంపులో దూకుడు జబ్బులు ఎక్కువగా చేరితే, పరీక్ష ఏమీ చేయకపోయినా మొదటి గుంపే ఎక్కువకాలం బతుకుతుంది.

(ఇ) ఆరోగ్య స్పృహ దోషం. శిబిరానికి ఎవరు వస్తారు? నాట్ల రోజున కూలి మానుకోగలిగినవారు, ఇంట్లోవాళ్లు అభ్యంతరం చెప్పనివారు, పరీక్ష చేయించుకోవడానికి జంకనివారు. రాలేనివారిలో పేదరికం, ఇతర జబ్బులు ఎక్కువగా ఉండవచ్చు. ఇటువంటి తేడాలు కూడా ఆయుష్షును నిర్ణయిస్తాయి.

(ఈ) మరణరహిత కాల దోషం. 2023లో కార్యక్రమం మొదలైందనుకోండి. ఒక మహిళ 2025లో పరీక్ష చేయించుకుంది. విశ్లేషకుడు ఆమెను 2023 నుంచే 'పరీక్ష చేయించుకున్నవారి' గుంపులో లెక్కిస్తే, మధ్య రెండేళ్లలో ఆమె చనిపోయే వీలే లేదు. ఎందుకంటే చనిపోతే ఆ గుంపులోకి వచ్చేదే కాదు. ఆ రెండేళ్లూ పరీక్ష ఖాతాలో ఉచితంగా జమ అవుతాయి.

(ఉ) అతి నిర్ధారణ. కొన్ని క్యాన్సర్లు ఎప్పటికీ ప్రాణం మీదికి రావు. పరీక్ష చేయకపోతే అవి ఉన్నాయనే తెలియదు. అటువంటివి కనిపెట్టి చికిత్స చేస్తే, 'బతికినవారి' సంఖ్య పెరుగుతుంది. లాభం మాత్రం ఎవరికీ లేదు, చికిత్స బాధ తప్ప.

వీటన్నిటికీ వైద్యుల అజాగ్రత్త కారణం కాదు. పోలిక మొదలుపెట్టిన చోటే తప్పుంది. జబ్బు బయటపడినవారిని మాత్రమే తీసుకుని వెనక్కి చూస్తే ఈ దోషాలు తప్పవు. పరీక్షకు పిలిచిన మొత్తం జనాన్ని, పిలవని మొత్తం జనాన్ని ముందు నుంచీ గమనిస్తే చాలావరకు తప్పుతాయి.

9.6 ఉస్మానాబాద్ నేర్పిన పాఠం

అలా ముందు నుంచీ గమనించిన పరిశోధన మన పొరుగునే జరిగింది. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ (ఇప్పటి ధారాశివ్) జిల్లాలో 30–59 ఏళ్ల వయసున్న 1,31,746 మంది మహిళలను, వారి గ్రామాలను 52 సముదాయాలుగా చేసి, యాదృచ్ఛికంగా నాలుగు గుంపులుగా విభజించారు. ఒక గుంపుకు హెచ్.పి.వి. వైరస్ పరీక్ష, ఒక గుంపుకు పాప్ స్మియర్ వంటి కణ పరీక్ష, ఒక గుంపుకు వయా పరీక్ష ఒక్కసారి చేశారు. నాలుగో గుంపు మామూలుగా అందే వైద్యంతోనే ఉంది. ఎనిమిదేళ్ల ఫలితాలు 2009లో వెలువడ్డాయి.

హెచ్.పి.వి. పరీక్ష గుంపులో 34,126 మంది ఉన్నారు, నాలుగో గుంపులో 31,488 మంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కేసులు మొదటిదానిలో 127, నాలుగోదానిలో 118. మరణాలు మొదటిదానిలో 34, నాలుగోదానిలో 64. లక్షమందికి లెక్కిస్తే సుమారు 100 మరణాలకు ఎదురుగా 203 మరణాలు. అంటే మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. రెండో దశ, అంతకు మించి ముదిరిన క్యాన్సర్లు కూడా 82 నుంచి 39కి తగ్గాయి.

ఇప్పుడు ఈ రెండు గుంపులనూ బీమా పుస్తకం ద్వారా చూస్తే ఏం కనబడేదో ఆలోచించండి. కేసులు 127, 118. తేడా లేనట్టే. పరీక్ష వల్ల బయటపడినవారికి చికిత్స క్లెయిములు కూడా తోడై ఖర్చు పెరిగినట్టు కనబడేది. "స్క్రీనింగ్ వల్ల ఉపయోగం లేదు, ఖర్చు మాత్రం పెరిగింది" అని ఒక అధికారి నిజాయితీగానే రాసి ఉండేవాడు. సగం మరణాలు తప్పిన సంగతి మరణాలు నమోదైన పుస్తకంలోనే ఉంది. 9.3లోని నివేదిక లేని మేలును చూపింది. ఇక్కడ అదే పద్ధతి ఉన్న మేలును దాచేది. జరగని ఆపరేషన్‌కు క్లెయిమ్ ఉండదు, రాని జబ్బుకు బిల్లు ఉండదు.

అదే పరిశోధనలో వయా, కణ పరీక్షల గుంపుల్లో మరణాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. కానీ తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో జరిగిన ప్రయోగంలో (2007) వయా వల్ల మరణాలు 35 శాతం, ముంబైలో రెండేళ్లకోసారి చేసిన ప్రయోగంలో (2014) 31 శాతం తగ్గాయి. ఒకే పరీక్ష ఒకచోట ఒకలా, మరోచోట మరోలా పనిచేసింది. చేసేవారి శిక్షణ, ఎన్నిసార్లు చేశారన్నది, తరువాత చికిత్స అందిందా లేదా అన్నవి ఫలితాన్ని మార్చగలవు. అందుకే దిండిగల్ సంఖ్యను తెచ్చి చిలుకూరుకు అతికించలేం. ఇక్కడ ఏం జరుగుతోందో ఇక్కడే కొలవాలి.

ఈ ప్రయోగాల మీద ఒక నైతిక విమర్శ కూడా ఉంది. పరీక్ష ఉందని తెలిసి కూడా ఒక గుంపుకు చేయకుండా ఏళ్ల తరబడి గమనించడం న్యాయమా అని కొందరు నిలదీశారు. ఆ ప్రశ్న బరువైనదే. ఇప్పుడు కార్యక్రమం దేశమంతటా మొదలైపోయింది కాబట్టి, అటువంటి ప్రయోగం మళ్లీ చేయడం కష్టం. బీమా లెక్కల వైపు పరిశోధకులు చూడటానికి ఇదొక బలమైన కారణం.

9.7 బీమా లెక్కను సరిగ్గా వాడిన సందర్భం

సరిగ్గా వాడటం అసాధ్యమేమీ కాదు. అమెరికాలో 65 ఏళ్లు దాటినవారికి ఉన్న ప్రభుత్వ బీమా మెడికేర్. పెద్దపేగు క్యాన్సర్‌ను ముందుగా పట్టే కొలనోస్కోపీ పరీక్ష 70–79 ఏళ్లవారికి ఉపయోగపడుతుందా అని గార్సియా-అల్బెనిజ్, హెర్నాన్ తదితరులు 13,55,692 మంది మెడికేర్ రికార్డులతో పరిశీలించి, 2017లో ప్రచురించారు.

వారు ముందుగా ఒక ప్రశ్న వేసుకున్నారు: "మనం నిజంగా ప్రయోగం చేయగలిగితే ఎలా చేసేవాళ్లం?" ఎవరిని చేర్చుకోవాలి, ఏ రోజు నుంచి లెక్క మొదలవ్వాలి, ఎంతకాలం చూడాలి అన్నవి కాగితం మీద రాసుకుని, అదే క్రమంలో రికార్డులను అమర్చారు. దీన్ని లక్ష్య ప్రయోగ అనుకరణ అంటారు. రెండు గుంపులకూ కాలం ఒకే చోట మొదలవుతుంది కాబట్టి మరణరహిత కాల దోషం తొలగుతుంది. ఇతర నివారణ సేవలు వాడుకున్నవారినే రెండు గుంపుల్లోనూ చేర్చారు కాబట్టి ఆరోగ్య స్పృహ దోషం కొంత తగ్గుతుంది.

ఫలితం ఇది. 70–74 ఏళ్లవారిలో ఎనిమిదేళ్లలో పెద్దపేగు క్యాన్సర్ వచ్చే అవకాశం పరీక్ష చేయించుకోనివారిలో 2.62 శాతం, చేయించుకున్నవారిలో 2.19 శాతం. అంటే వెయ్యికి సుమారు నలుగురు తగ్గారు. 75–79 ఏళ్లవారిలో 2.97 నుంచి 2.84కి, అంటే వెయ్యికి సుమారు ఒకరు మాత్రమే తగ్గారు. మరోవైపు, పరీక్ష జరిగిన నెల రోజుల్లో వచ్చిన దుష్ఫలితాలు మొదటి వయసువారిలో వెయ్యికి సుమారు 6, రెండో వయసువారిలో సుమారు 10 అదనం.

ఇది మంచి పనే. అయినా విమర్శకు అతీతం కాదు. రికార్డుల్లో లేని అలవాట్లు, ఆహారం, కుటుంబ చరిత్ర వంటివి రెండు గుంపుల్లో సమానమని పూర్తిగా చెప్పలేం. కొలిచింది ప్రధానంగా క్యాన్సర్ రావడాన్ని, మరణాన్ని కాదు. కానీ ఈ పని సాధ్యం కావడానికి కారణం ముఖ్యం. మెడికేర్‌లో పరీక్షకు కూడా బిల్లు ఉంది. పరీక్ష తేదీ, జబ్బు తేదీ ఒకే వ్యక్తి సంఖ్య కింద ఉన్నాయి. చిలుకూరు మహిళ విషయంలో లోపించింది సరిగ్గా ఆ లంకె.

9.8 క్లెయిములు బాగా చెప్పే సంగతులు

ఇంత విమర్శించాక బీమా లెక్కలను పక్కన పెట్టేయాలా? అక్కర్లేదు. అవి కొన్ని ప్రశ్నలకు అద్భుతమైన సాక్షులు.

దక్షిణ కొరియాను చూడండి. అక్కడ 1999లో జాతీయ క్యాన్సర్ స్క్రీనింగ్ కార్యక్రమం మొదలైంది. థైరాయిడ్ స్కాన్ అందులో భాగం కాకపోయినా, తక్కువ రుసుముకు అదనంగా చేయడం అలవాటైంది. 1993తో పోలిస్తే 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణలు 15 రెట్లయ్యాయి. ఆ క్యాన్సర్ మరణాలు మాత్రం మారలేదు. 2014లో కొందరు వైద్యులు బహిరంగంగా హెచ్చరించాక, ఏడాదిలోనే థైరాయిడ్ ఆపరేషన్లు 35 శాతం తగ్గాయి. ఆ తగ్గుదలను చూపింది ఆరోగ్య బీమా లెక్కలే. ఎక్కడ ఆపరేషన్లు అసాధారణంగా పెరిగాయో పట్టుకోవడంలో డబ్బు లెక్క చాలా చురుకైనది.

మన దగ్గరా అటువంటి ఉదాహరణ ఉంది. ఆరోగ్యశ్రీ తొలి ఏళ్లలో ప్రైవేటు ఆసుపత్రుల్లో గర్భసంచి తొలగించే ఆపరేషన్లు విపరీతంగా జరుగుతున్నాయన్న ఆందోళన తలెత్తింది. తరువాత పథకం కింద ఆ శస్త్రచికిత్సను ప్రభుత్వ ఆసుపత్రులకు పరిమితం చేశారు. అయితే ఈ ఆపరేషన్లు బీమాతోనే మొదలు కాలేదు, సొంత డబ్బుతో చేయించుకున్నవారూ ఉన్నారు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తొలగించినవారు దేశంలో 3.2 శాతం కాగా, తెలంగాణలో 7.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం.

ఈ సంఖ్యకు మన అంశంతో నేరుగా సంబంధం ఉంది. గర్భసంచితో పాటు ముఖద్వారాన్ని కూడా తీసేసిన మహిళకు ముఖద్వార పరీక్ష అవసరం సాధారణంగా ఉండదు, ఆ క్యాన్సర్ వచ్చే ప్రమాదమూ దాదాపు ఉండదు. మండలంలోని మహిళలందరినీ హారంలో పెట్టి "ఇంతమందికి పరీక్ష చేశాం, ఇంతమందికి జబ్బు వచ్చింది" అంటే, ఆ హారమే తప్పు. ఆరోగ్యశ్రీకి ముందు, లేదా చేతి డబ్బుతో జరిగిన ఆపరేషన్లు క్లెయిముల్లో లేవు కాబట్టి, ఈ తప్పును క్లెయిములతోనే సరిదిద్దలేం. ఇంటింటి సర్వే కావాలి.

మరో లోటు సరిహద్దు. కోదాడ దాటి జాతీయ రహదారి మీద కొద్ది దూరం పోతే జగ్గయ్యపేట, ఆపైన విజయవాడ. 2014 జూన్ 2 నుంచి అది వేరే రాష్ట్రం, పథకమూ వేరు. చిలుకూరు మనిషి అవతలి ఆసుపత్రిలో సొంత డబ్బు కట్టి వైద్యం చేయించుకుంటే, ఇవతలి లెక్కలో ఆ జబ్బు లేనట్టే. సరిహద్దు మండలాల్లో క్యాన్సర్ తక్కువగా కనబడితే, అది ఆరోగ్యమో, ప్రయాణమో ముందు తేల్చుకోవాలి.

9.9 చిలుకూరుకు ఏం కావాలి?

బీమా లెక్క మేలును కూడా చెప్పాలంటే దానికి మూడు రికార్డులు తోడు కావాలి.

ఒకటి, స్క్రీనింగ్ రిజిస్టరు. పరీక్షకు పిలిచినవారు, వచ్చినవారు, రానివారు, ఫలితం 'లేదు' అన్నవారు అందరూ తేదీలతో ఉండాలి. 2019–21 జాతీయ సర్వే ప్రకారం దేశంలో 30–49 ఏళ్ల మహిళల్లో ఎప్పుడైనా గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకున్నవారు 1.9 శాతమే. వందకు ఇద్దరైనా చేయించుకోనిచోట, పరీక్ష పనిచేస్తుందా అన్న ప్రశ్న కన్నా, పరీక్ష అందుతోందా అన్నది ముందు అడగాల్సిన ప్రశ్న.

రెండు, క్యాన్సర్ రిజిస్ట్రీ. ఎవరు డబ్బు కట్టారన్నదానితో నిమిత్తం లేకుండా ప్రతి కేసును, దాని దశను నమోదు చేసేది. భారత వైద్య పరిశోధన మండలి 1981లో జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమాన్ని ప్రారంభించింది. హైదరాబాద్ జిల్లాకు అటువంటి జనాభా ఆధారిత రిజిస్ట్రీ నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో ఉంది. నగరంలో ఉన్న ఆ ఏర్పాటు గ్రామీణ మండలాలకూ అందాలి.

మూడు, కారణంతో కూడిన మరణ నమోదు. ఊళ్లలో చాలామంది ఇంట్లోనే చనిపోతారు. ఎందుకు చనిపోయారో వైద్యుడు రాసే అవకాశం ఉండదు. ఉస్మానాబాద్‌లో అసలు తేడా మరణాల్లోనే కనబడిందని మరచిపోకండి.

ఈ మూడింటినీ క్లెయిములతో ఒకే గుర్తింపు సంఖ్య ద్వారా కలిపితే, మెడికేర్‌తో చేసినటువంటి పరిశీలన ఇక్కడా సాధ్యమవుతుంది. కానీ కలపడంలో ఒక ప్రమాదం ఉంది. గర్భాశయ పరీక్ష ఫలితం అనేది ఒక మహిళ అత్యంత వ్యక్తిగత సమాచారం. చిన్న ఊళ్లో వయసు, వాడ, ఆపరేషన్ తేదీ తెలిస్తే పేరు లేకున్నా మనిషిని గుర్తుపట్టవచ్చు. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం స్ఫూర్తిని అనుసరించి, పరిశోధకుల చేతికి పేర్లు, కార్డు సంఖ్యలు తీసేసిన వివరాలే వెళ్లాలి. ఊరి స్థాయి పట్టికలను బయటపెట్టకూడదు.

9.10 సారాంశం

బీమా క్లెయిమ్ అనేది చెల్లింపు కోసం రాసిన వరుస. పరీక్షలో 'లేదు' అని తేలినవారు, సొంత డబ్బుతో వైద్యం చేయించుకున్నవారు, ఇంట్లో చనిపోయినవారు అందులో లేరు. అందువల్ల దానితోనే పరీక్ష కచ్చితత్వాన్ని లెక్కించలేం. బయటపడిన కేసుల ఆయుష్షును పోల్చి ప్రయోజనాన్ని రుజువు చేయనూలేం. అనవసర చికిత్సలు పెరగడం, ప్రాంతాల మధ్య తేడాలు వంటివాటిని మాత్రం అది త్వరగా పట్టిస్తుంది. స్క్రీనింగ్ రిజిస్టరు, క్యాన్సర్ రిజిస్ట్రీ, మరణ నమోదు తోడైతే, సరైన ప్రశ్నతో మొదలుపెడితే, మేలును కూడా చెప్పగలదు.

9.1లో మనం ఊహించుకున్న మహిళ శిబిరం వల్లే బతికిందా? ఆమె ఒక్కరి విషయంలో ఎవరూ చెప్పలేరు. ఆమె ఊళ్లో రాబోయే పదేళ్లలో ఎంతమంది బతుకుతారన్నది మాత్రం, ఈరోజు రిజిస్టరులో ఏం రాస్తున్నామన్నదాన్ని బట్టి తెలుస్తుంది. మీలో ఆశా కార్యకర్తలుగా, ఎ.ఎన్.ఎం.లుగా పనిచేస్తూ చదువుతున్నవారుంటే గుర్తుంచుకోండి: పరీక్షకు రానివారి పేరు పక్కన మీరు పెట్టే చిన్న గుర్తు, వచ్చినవారి ఫలితమంత విలువైనదే.

9.11 మాదిరి ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. పరీక్ష కచ్చితత్వానికీ, ప్రయోజనానికీ తేడా ఏమిటి?
2. ముందస్తు కాల దోషాన్ని సొంత ఉదాహరణతో వివరించండి.
3. గర్భసంచి తొలగింపు వివరాలు తెలియకపోతే ముఖద్వార స్క్రీనింగ్ లెక్కల్లో ఏ తప్పు దొర్లుతుంది?

II. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. ఉస్మానాబాద్ పరిశోధన సంఖ్యల ఆధారంగా, కేసుల సంఖ్యతో మాత్రమే స్క్రీనింగ్‌ను అంచనా వేయడం ఎందుకు పొరపాటో చర్చించండి.
2. మీ మండలంలో క్యాన్సర్ స్క్రీనింగ్ ప్రయోజనాన్ని కొలవాలంటే ఏయే రికార్డులు కావాలి? వాటిలో ఇప్పుడు ఏవి ఉన్నాయి? స్థానిక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడిగి తెలుసుకుని రాయండి. రోగుల పేర్లు అడగకండి, రాయకండి.

'మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1' సమాధానం: 990లో 5 శాతం 49.5, సుమారు 50. 'ఉంది' అని తేలినవారు 8 + 50 = 58. వారిలో నిజంగా మార్పులు ఉన్నవారు 8, అంటే సుమారు 14 శాతం.